రాతి మీద జానెడు ఖాళీ

4 నవంబరు 1990, ఆదివారం

బడిలో వాడకుండా మిగిలిపోయిన హాజరుపట్టీ ఇది. ఇందులో లామాంట్ దొర సంగతులు తప్ప మరేమీ రాయను. నాన్న ఒంట్లో సంగతి, బడి గొడవలు, పాత కథలు మొదలుపెడితే ఇక ఆగవు. నా సంగతి నాకు తెలుసు.

తెలిసినవి: పేరు డేవిడ్ లామాంట్. దేశం స్కాట్లాండు. నాన్నకి తాత, నాకు ముత్తాత. పడవలు దాటే లాకులు కట్టడానికి రేపల్లె వైపు కాలవల మీదికి వచ్చాడు. రాతి పని తెలిసినవాడు. ఇక్కడి పిల్లని చేసుకుని, 1916లో నలభై ఆరేళ్ళ వయసులో ఇక్కడే పోయాడు. అప్పటికి నాన్నకి నాలుగేళ్ళు. ఆయనకి గుర్తున్నదల్లా ఒక టోపీ. సమాధి వరదల్లో కొట్టుకుపోయింది. మా ఇంట్లో నాన్నవీ నావీ పిల్లి కళ్ళు.

తెలియనిది: ఏ ఊరు?

ఆ ఒక్క ముక్కా ఎందుకు కావాలంటే, రాయి కోసం. ఆగస్టులో పక్షవాతం రాకముందే, జూన్‌లో, నాన్న తన సమాధి రాయి తనే చెక్కించుకున్నారు. శిల్పి పాండురంగారావు దగ్గరుండి రిక్షాలో తెచ్చి వరండాలో గోడకి ఆనించాడు. పక్కింటి మాణిక్యాంబగారు నేను బడికి వెళ్ళినప్పుడు నాన్నకి తోడుగా కూర్చుంటారు. ఆవిడ ఆ రాయికి వీపు పెట్టి తప్ప కూర్చోరు.

"లామాంట్ వరప్రసాదం, రిటైర్డు హెడ్మాస్టరు." పుట్టిన తేదీ ఉంది. పోయిన తేదీకి చోటుంది. దాని కింద మళ్ళీ ఒక ఖాళీ, తరవాత "వాస్తవ్యులు డేవిడ్ లామాంట్ గారి మనుమడు". ఆ ఖాళీ సరిగ్గా నా జానెడు. కొలిచాను.

నేను పోయేలోగా ఆ ఊరు కనుక్కో అన్నారు నాన్న. జబ్బు చేశాక ఆయన నన్ను అడిగింది ఇదొక్కటే. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనా చెప్పలేదు, నాకూ తెలియదు.

9 నవంబరు

ఎడిన్‌బరోలో పాత వంశాలు వెతికిపెట్టే సంఘం ఉందని ఒక పాత పత్రికలో అడ్రసు దొరికింది. ఉత్తరం మూడుసార్లు తిరగరాశాను. ఎలా రాసినా డి.ఇ.ఓ. గారికి సెలవు అర్జీలాగే వస్తోంది.

2 డిసెంబరు

జవాబు లేదు.

9 డిసెంబరు

లేదు. నాన్న రోజూ పోస్టు వేళకి వరండాలోకి కుర్చీ జరపమంటున్నారు.

22 డిసెంబరు

వచ్చింది. రాసినావిడ పేరు ఇసబెల్ రిచీ. ఆవిడా రిటైరైన టీచరే. పాత జనాభా లెక్కల పుస్తకాలు ఫిల్ముల మీద చూసి, అడిగినవాళ్ళకి పూర్వీకుల్ని వెతికిపెట్టడం ఆవిడ కాలక్షేపం. మనకి ఇలాంటి పిచ్చి ఎందుకు లేదో.

అక్కడా పదేళ్ళకోసారి ఇంటింటికీ తిరిగి పేరు, వయసు, వృత్తి, పుట్టిన ఊరు రాసుకుంటారట. నూరేళ్ళు దాటితేగానీ ఆ పుస్తకాలు ఎవరికీ చూపించరట. కాబట్టి ఇప్పటికి 1881 దాకానే చూడొచ్చు. 1891ది తెరవడానికి 1992 దాకా ఆగాలి. 1870 ప్రాంతంలో పుట్టిన డేవిడ్ లామాంట్‌లు ఆవిడకి ఏడుగురు కనబడ్డారు. ఏడుగురిలో మీవాడెవడో చెప్పండి అని అడిగింది.

నాన్నకి చదివి వినిపించాను. ఏడుగురా అన్నారు. ఆయన మొహంలో సంతోషం కనిపిస్తుందనుకున్నాను. పక్షవాతం వల్ల ఒక పక్క మొహం కదలదు, అందుకని తెలియలేదు.

రాతి పనివాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి వెతకమని జవాబు రాశాను.

16 ఫిబ్రవరి 1991

మన జనాభా లెక్కలు కూడా వచ్చి నెత్తిన పడ్డాయి. టీచర్లందరికీ డ్యూటీ. నాకు గంగానమ్మపేటలో నూట ముప్ఫై ఇళ్ళు. బడి విడిచాక కాగితాల కట్ట చంకన పెట్టుకుని తిరుగుతున్నాను.

వృత్తి గడిలో జనం ఉన్నది చెప్పరు, ఉండాలనుకున్నది చెబుతారు. సైకిలు షాపులో పంక్చర్లు వేసేవాడు మెకానికల్ ఇంజనీరు అన్నాడు. రాసుకోమన్నాడు కూడా. అప్పచ్చులు వేసుకుని అమ్మే ఆవిడని ఏం పని చేస్తారంటే, ఏమీ లేదండి, ఇంట్లోనే ఉంటానండి అంది. నా పెన్ను ఎదుట పంక్చరువాడు పెద్దవాడయ్యాడు, పొద్దస్తమానం పొయ్యి ముందు కూర్చునే ఆవిడ ఖాళీ మనిషైంది.

స్కాట్లాండులో లెక్క రాసినవాళ్ళు అలా చేసి ఉండరు. వాళ్ళ పద్ధతి వేరు.

మా ఇల్లు కూడా నా బ్లాకులోనే. మాతృభాష దగ్గర నాన్న ఇంగ్లీషు అని రాయమన్నారు. రాశానని చెప్పాను. తెలుగు అని రాశాను.

14 ఏప్రిల్

ఇసబెల్ గారి రెండో ఉత్తరం. ఏడుగురిలో రాతి పనివాళ్ళ ఇంటివాడు ఒక్కడే. మాంట్రోజ్ అని సముద్రం పక్కన ఊరు. 1871లో తండ్రి జేమ్స్ లామాంట్, వృత్తి రాతి పని. తల్లి మార్గరెట్. ఇద్దరన్నల తరవాత డేవిడ్, వయసు ఏడాది.

ఏడాది పిల్లాడు! పొద్దుటి నుంచీ మనసు మనసులో లేదు. వందేళ్ళ కిందట ఎవరో నాలాంటి ఉద్యోగి గుమ్మంలో నిలబడి అడిగితే, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఆ తల్లి చెప్పి ఉంటుంది.

మాంట్రోజ్. ఒత్తుతో కలిపి నాలుగక్షరాలు. జానెడులో హాయిగా పడుతుంది. పాండురంగారావుకి కబురు పెట్టనా అంటే నాన్న వద్దన్నారు. పూర్తిగా తేలనీ అన్నారు. ఇంకేం తేలాలి?

8 మే

సెలవులు కదా అని రేపల్లె వెళ్ళి, అక్కడి నుంచి బస్సులో నగరం అనే ఊరి వైపు లాకులు చూడటానికి వెళ్ళాను. రేపల్లె స్టేషను నుంచి బస్టాండుకి రెండు దారులు. చర్చి వీధి మీదుగా వెళ్ళేది దగ్గర దారి. నేను చుట్టుతిరిగి వెళ్ళాను. నడక మంచిదని.

లాకుల మీద పేర్లేమీ లేవు. రాతి కట్టడం గట్టిగా ఉంది, చెక్క తలుపులు ఊడిపోయాయి. లాకుల కాపలా చూసే లస్కరు తన గదిలోంచి వచ్చి ఏంటమ్మా కావాలి అన్నాడు. మా ముత్తాత కట్టాడు అన్నాను. దొరలు కాయితం మీద గీశారండి, కట్టింది కూలోళ్ళండి అన్నాడు. గీతకి రాతికి సంబంధం ఏమిటో అతనికేం తెలుసు.

తిరుగు బస్సులో నా పక్కన చేపల బుట్ట పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుంది. పిల్లి కళ్ళు. నావైపు చాలాసేపు చూసింది. ఊరికే రాసుకుంటున్నాను.

9 మే

కృపారావు సంగతి ఇందులో రాయకూడదనుకున్నాను. ఒక్కసారి రాసేసి ఊరుకుంటాను.

చర్చి వీధిలో ఉండేది ఆయనే. లెక్కల మాస్టారు. మేమిద్దరం బాపట్లలో టీచరు ట్రైనింగు చదివాం. 1966 మేలో వాళ్ళ పెద్దలు మా ఇంటికి సంబంధం మాట్లాడటానికి వచ్చారు. నాన్న రెండు వారాలు ఆగి, మనది దొరల రక్తం, వాళ్ళది నగరంలో కూలోళ్ళ ఇల్లు, కుదరదు అని చెప్పేశారు. నాకు ఇరవై రెండు. అమ్మ అప్పటికే లేదు. తరవాత వచ్చిన నాలుగైదు సంబంధాలకీ ఏదో వంక. తరవాత రావడం మానేశాయి.

నేనేమీ ఎదురు చెప్పలేదు. దొరల రక్తం అంటే నిజమే కాబోలు, దానికి తగ్గట్టుగానే ఉండాలి కాబోలు అనుకున్నాను. పాతికేళ్ళు అలాగే అనుకున్నాను. అంతే. దీనికీ ఈ వెతుకులాటకీ సంబంధం లేదు. ఇది రాయి కోసం.

30 జూన్

ఇసబెల్ గారు 1881 చూశారు. మాంట్రోజ్‌లో అదే ఇల్లు, అదే తండ్రి, అదే తల్లి. ఇద్దరన్నలూ ఉన్నారు, ఒకడు తండ్రితో రాతి పని, రెండోవాడు ఓడల్లో వడ్రంగి. కొత్తగా ఒక చెల్లెలు. డేవిడ్ లేడు.

3 జూలై

అప్పటికి పదకొండేళ్ళు. ఇంట్లో ఎందుకు లేడు? ఓడ ఎక్కేశాడు. ఆ రోజుల్లో ఆ వయసు పిల్లల్ని ఓడల్లో పనికి తీసుకునేవారని ఎక్కడో చదివాను. అన్న ఓడల్లో వడ్రంగి కదా, తమ్ముణ్ణి వాడే ఎక్కించి ఉంటాడు. మద్రాసులో దిగి, కాలవల వెంట మన వైపు వచ్చి, పద్దెనిమిదేళ్ళకి లాకుల పనిలో చేరాడు. అన్నీ సరిపోతున్నాయి.

4 జూలై

పదకొండేళ్ళవాడు రాతి పని ఎప్పుడు నేర్చుకున్నాడు?

నాన్నని అడిగాను. నాకేం తెలుసమ్మా, నాలుగేళ్ళవాణ్ణి అన్నారు. కళ్ళు మూసుకున్నారు.

22 సెప్టెంబరు

ఈ ఉత్తరం వచ్చి వారమైంది. నాన్నకి చదవలేదు.

ఇసబెల్ గారు చావుల రిజిస్టరు చూశారు. డేవిడ్ లామాంట్, ఏడేళ్ళు, 1877 మార్చి, ఎర్రజ్వరం. ఆవిడ బస్సెక్కి మాంట్రోజ్ వెళ్ళి, చర్చి పక్క సమాధుల్లో వాడి రాయి కూడా చూసి వచ్చారు. చిన్న రాయట. అక్షరాలు చాలా శ్రద్ధగా చెక్కి ఉన్నాయట. తండ్రే చెక్కి ఉంటాడని ఆవిడ ఊహ. మీకు ఈ వార్త పంపడానికి చాలా బాధగా ఉంది అని రాశారు. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లాడు, చనిపోయి నూట పద్నాలుగేళ్ళయింది, నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

వీడు మనవాడు కాడు. ఎనిమిదోవాడు ఎవడో ఉంటాడు. 1891 పుస్తకం తెరిస్తే దొరుకుతాడు.

ఉత్తరం చివర ఆవిడ ఒక ప్రశ్న అడిగారు. మీ వైపు అప్పట్లో మిషనువాళ్ళ బోర్డింగు ఏదైనా ఉండేదా అని. వాళ్ళ ఊరి చర్చి నుంచి ఒకావిడ పాదిరిని పెళ్ళి చేసుకుని కృష్ణా డెల్టాకి వెళ్ళిందట. బిడ్డ పోయిన తల్లులు ఆవిడ ద్వారా ఇక్కడి అనాథ పిల్లల్ని పోషించేవారట. పోయిన బిడ్డ పేరు ఇక్కడి పిల్లాడికి పెట్టించుకునేవారట.

ఉండేది. బాపట్లలో. నాకు తెలుసు. ట్రైనింగు రోజుల్లో రోజూ దాని ముందు నుంచే నడిచాం.

6 అక్టోబరు

బాపట్ల వెళ్ళలేదు. యూనిట్ పరీక్షల పేపర్లు దిద్దాలి.

20 అక్టోబరు

వెళ్ళలేదు.

10 నవంబరు, ఆదివారం

వెళ్ళాను.

బోర్డింగు మూసేసి ఎన్నో ఏళ్ళయింది. కాగితాలు పాత చర్చి ఆఫీసులో బీరువాలో ఉన్నాయి. గుమాస్తా తోమాసుగారు పెద్దాయన, నిదానం మనిషి. ఆరాధన అయ్యేదాకా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అప్పుడు తాళం తీశారు. చెదలు తిన్న అట్ట. లోపల ఇంగ్లీషులో చక్కటి చేతిరాత. పిల్లాడికి పెట్టిన పేరు, పాత పేరు, ఊరు, తండ్రి వృత్తి, పోషించేవారు. ఇదీ జనాభా లెక్కే.

1878లో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. 1876లో మొదలైన ధాత కరువులో అనాథలైన పిల్లలు. పందొమ్మిదో వరస దగ్గర నా వేలు ఆగింది.

డేవిడ్ లామాంట్. పాత పేరు దోనేపూడి పోలయ్య. వయసు సుమారు ఎనిమిది. ఊరు నగరం. తండ్రి కాలవ తవ్వే కూలి, కరువు పనుల్లో మరణం. తల్లి మరణం. పోషించేవారు: మాంట్రోజ్ శ్రీమతి మార్గరెట్ లామాంట్, కుమారుడి జ్ఞాపకార్థం. చివర వేరే సిరాతో: వడ్రంగం నేర్చాడు, లాకు తలుపుల మరమ్మతు పనిలో కుదిరాడు.

మూడుసార్లు చదివాను. ఎక్కడా దొర లేడు. లస్కరు చెప్పిందే నిజం.

దోనేపూడి.

కృపారావు ఇంటిపేరు దోనేపూడి. దోనేపూడి కృపారావు, ఊరు నగరం. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు. అంటే వరసకి అన్నాచెల్లెళ్ళం. బాపట్లలో రెండేళ్ళు ఆయన పక్కన నడిచాను. పెళ్ళి చేసుకోవాలనుకున్నాను. ఇంటిపేరు ఒకటైతే పిల్లనివ్వరు, చేసుకోరు, ఆ ఆలోచనే చెయ్యరు. మతం మారినా మావాళ్ళు ఇది మార్చుకోలేదు. నాది లామాంట్ అనుకున్నాను కాబట్టి నాకా ఆలోచన రాలేదు.

రాయడం ఇంకా ఉంది. ఈ పుస్తకం చూసినవాళ్ళు చివరి పేజీలో సంతకం చెయ్యడం ఆనవాయితీ అని తోమాసుగారు అటు తిప్పి ఇచ్చారు. వందేళ్ళలో ఉన్నవి తొమ్మిది సంతకాలు. ఏడోది ఎల్. వరప్రసాదం, 11 మే 1966.

మా నాన్న సంతకం. హెడ్మాస్టరు సంతకం, కింద రెండు గీతలు.

11 నవంబరు

బడికి వెళ్ళాను. పిల్లలకి అక్బరు పాఠం చెప్పాను.

17 నవంబరు

నాన్నకి అన్నం కలిపి పెడుతున్నాను. మందులు ఇస్తున్నాను. మాట్లాడటం లేదు. మాణిక్యాంబగారు ఏం జరిగిందమ్మా అన్నారు. ఏమీ లేదండి అన్నాను.

ఆయన మీద కోపమా? కోపమే. కానీ సంబంధం వద్దనడం తప్పా? ఇంటిపేరు ఒకటైతే ఏ తండ్రైనా వద్దనాల్సిందే. మరి చెప్పిన కారణం? అది అబద్ధం. తప్పు చెయ్యని మనిషి మీద కోపం ఎలా పెట్టుకోను? అబద్ధం చెప్పిన మనిషిని ఎలా క్షమించను? ఇద్దరూ ఒకే మనిషి, నా చేతి ముద్ద కోసం నోరు తెరుచుకుని కూర్చున్నారు.

24 నవంబరు

ఇవాళ అడిగాను. ఆయన మాటలు కూడబలుక్కుని చెప్పడానికి సాయంత్రమంతా పట్టింది. అన్నది అన్నట్టు రాస్తున్నాను.

బాపట్ల వెళ్ళాను నాన్నా అన్నాను. ఆయన రాయి వైపు చూశారు. చూశావా అన్నారు.

1966లో సంబంధం మాట్లాడటానికి వాళ్ళ తరఫున వచ్చిన కృపారావు పెదనాన్న ముత్తయ్య చాలా పెద్దవాడట. మాటలయ్యాక నాన్నని పక్కకి పిలిచాడట. "మీరూ మేమూ దోనేపూడోళ్ళమే కదయ్యా, పోలయ్య మా తాత తమ్ముడు, ఈ సంబంధం ఎట్టా కుదురుద్ది?" అన్నాడట. పిల్లాడి ముచ్చట చూసి వచ్చానుగానీ నీకు తెలియదేమోనని చెబుతున్నాను అన్నాడట. నాన్న నమ్మలేదు. లామాంట్ దొర అని వాళ్ళ నాన్న చెప్పిందే ఆయనకి తెలుసు. ముత్తయ్య నోరు మూయించాలని బాపట్ల వెళ్ళారు.

"మరి నాకు ఆ మాట చెప్పొచ్చుగా నాన్నా. ఇంటిపేరు ఒకటే, కుదరదమ్మా అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కూలోళ్ళ ఇల్లని ఎందుకన్నారు?"

"చెబితే మనం ఎవరమో చెప్పాలి."

"తరవాత వచ్చినవాళ్ళు? వాళ్ళు దోనేపూడి వాళ్ళు కాదుగా."

మంచినీళ్ళు అడిగి తాగారు. తరవాత అన్నారు. "అందరూ ఇంటిపేరు అడుగుతారమ్మా. లామాంట్ అంటే అబద్ధం. దోనేపూడి అంటే మన పరువు పోద్ది. ఏం చెప్పమంటావు?"

అంటే అదన్నమాట. నా పెళ్ళి ఆగిపోవడానికి కారణం ఏ పేరు చెప్పాలో ఆయనకి తోచకపోవడం. పాతికేళ్ళు తోచలేదు.

"అన్నీ తెలిసి నన్ను స్కాట్లాండులో ఎందుకు వెతకమన్నారు?"

"నువ్వు కనుక్కుంటే నేను చెప్పక్కర్లేదని."

ఒక పక్క కంటి నుంచే నీళ్ళు కారాయి. రెండో కన్ను కూడా నేను తుడిచాను, అలవాటుగా.

25 నవంబరు

నిద్ర లేదు. ఒకటి తోచింది. ఆయన రాతి మీద స్కాట్లాండు అని చెక్కించి ఊరుకోవచ్చు. ఎవరు అడుగుతారు? అయినా ఖాళీ వదిలారు. అబద్ధం నోటితో చెప్పగలిగారు, నా బతుకు మీద రాయగలిగారు, రాతి మీద మాత్రం చెక్కించలేకపోయారు. ఇందుకు ఆయన్ని మెచ్చుకోవాలా?

ఏమో.

12 జనవరి 1992

రేపల్లె వెళ్ళాను. ఈసారి దగ్గర దారినే నడిచాను.

కృపారావుకి జుట్టు పూర్తిగా నెరిసింది. వాకిట్లో ట్యూషను పిల్లలు. నన్ను చూసి లేచి నిలబడి, పిల్లల్ని పంపించేసి, కుర్చీ వేశారు. భార్య కుమారి కాఫీ తెచ్చింది. ఆవిడ లోపలికి వెళ్ళబోతే ఉండమన్నాను. ఈ మాట ఇద్దరూ వినాల్సిందే.

రిజిస్టరులో నేను రాసుకున్న కాగితం చేతికిచ్చాను. చదివారు. కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని, మళ్ళీ చదివారు. ముత్తయ్య పెదనాన్న ఆ విషయం ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఆ మేలోనే మా ఇంటి నుంచి వద్దన్న కబురు వెళ్ళింది, జూన్‌లో ముత్తయ్య పోయారు.

"ఇన్నాళ్ళూ మీ గుమ్మం ఎక్కడానికి మేం తగమేమోనని అనుకున్నానండి," అన్నారు కృపారావు. "మా పిల్లలకి కూడా అదే చెప్పానండి. బాగా చదువుకోండి, లేకపోతే జనం ఇలా అంటారు అని."

కుమారి నా చెయ్యి పట్టుకుంది. క్షమించమని నాన్న తరఫున అడగొచ్చా? నా తరఫున ఎవరు అడగాలి? కాఫీ తాగాను. ఆయన నాతో స్టేషను దాకా నడిచారు. బండి కదిలేటప్పుడు కిటికీ దగ్గరకి వచ్చి, మా అమ్మవీ పిల్లి కళ్ళేనండి, ఆవిడా నగరం పిల్లే అన్నారు.

బస్సులో చేపల బుట్ట ఆవిడ గుర్తొచ్చింది. నావైపు ఎందుకంతసేపు చూసిందో.

8 మార్చి

నాన్న ఉదయం ఆరున్నరకి పోయారు. పాలు కాస్తుంటే.

9 మార్చి

ఏది ముందో ఏది తరవాతో చెదిరిపోకుండా రాయాలి.

కబురు పంపింది మాణిక్యాంబగారి అబ్బాయి. రేపల్లెకి కూడా పంపమని నేనే చెప్పాను. మొదటి బండికి కృపారావు, కుమారి వచ్చారు. నాన్నకి మగపిల్లలు లేరు. చర్చి సంఘం వాళ్ళు భుజం పట్టారు. కృపారావు వెనకగా నడిచారు. ఎవరి చోటూ తీసుకునే మనిషి కాదు ఆయన.

గోతి దగ్గర ప్రార్థన అయ్యాక, కుటుంబం వాళ్ళు ముందుకొచ్చి మట్టి వెయ్యండి అన్నారు పాస్టరుగారు. నేనొక్కదాన్నే వెళ్ళి నిలబడ్డాను. ఎంత మంది వచ్చారో, ఎంత ఖాళీగా అనిపించిందో. ఇంకెవరూ లేరా అమ్మా అని ఆయన మెల్లగా అడిగారు.

వెనక్కి తిరిగాను. కృపారావు జనం చివర, వేపచెట్టు దగ్గర, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇరవై రెండేళ్ళప్పుడు ఆయన్ని ఎలా పిలవాలని కలలు కన్నానో అది వేరు. ఇప్పుడు ఆ మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడ్డానో దేవుడికే తెలుసు.

"అన్నయ్యా, రండి," అన్నాను.

ఆయన చెప్పులు కింద పెట్టి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చారు. వంగి రెండు చేతులా మట్టి తీసి వేశారు. పాస్టరుగారు ఈయన ఏమవుతారమ్మా అని అడిగారు. దోనేపూడి కృపారావు, మా అన్నయ్య అని చెప్పాను. అందరికీ వినబడేలాగే చెప్పాను.

ఇంటికి వచ్చాక చాలా ఏడ్చాను. నాన్న కోసమో, ఆ మాట కోసమో విడదీయలేను.

12 ఏప్రిల్

ఇసబెల్ గారి ఉత్తరం. 1891 పుస్తకాలు తెరిచారట. ఎనిమిదో డేవిడ్ కోసం చూడమంటారా అని అడిగారు.

అక్కర్లేదని రాశాను. మా డేవిడ్ దొరికాడు, వాడు మీ దేశం ఎన్నడూ రాలేదు, మీ డేవిడ్ మా దేశం ఎన్నడూ రాలేదు అని రాశాను. ఇంకా ఇలా రాశాను. ఏడేళ్ళకి పోయిన మీ పిల్లాడి పేరుతో ఇక్కడ ఒకడు నలభై ఆరో ఏడు దాకా బతికాడు. వడ్రంగి. లాకు తలుపులు బాగుచేశాడు. అతని మనవడు హెడ్మాస్టరయ్యాడు. మీరు మళ్ళీ మాంట్రోజ్ వెళితే ఆ తల్లి సమాధి దగ్గర ఈ మాట చెప్పండి. ఆవిడకి వాడి కబుర్లు ఎవరైనా రాసేవారో లేదో నాకు తెలియదు.

ఇంగ్లీషు ఈసారి అర్జీలా రాలేదు.

19 ఏప్రిల్, ఈస్టరు

పాండురంగారావు ఉలి, సుత్తి సంచిలో వేసుకుని ఇంటికే వచ్చాడు. రాయిని వరండాలో చాప మీద పడుకోబెట్టాం. మాణిక్యాంబగారు ఇవాళ దానికి ఎదురుగానే కూర్చున్నారు.

పోయిన తేదీ ముందు చెక్కాడు. తరవాత ఊరి పేరు చెప్పండి టీచరుగారూ అన్నాడు. నగరం అన్నాను. ఏ నగరం అన్నాడు. నగరమేనయ్యా, రేపల్లె దగ్గర అన్నాను. అతను జానెడు కొలిచి, "మూడక్షరాలేనండి, చోటు చాలా మిగిలిపోద్దండి," అన్నాడు. పక్కన ఏదైనా పువ్వు చెక్కనా అని అడిగాడు. వద్దన్నాను. లామాంట్ చెరిపెయ్యమంటారా అన్నాడు, అతనికి కృపారావన్నయ్య ఎవరో ఈపాటికి తెలిసినట్టుంది. చెరపొద్దు, ఆ పేరు కూడా ఒక తల్లి పెట్టిందే అన్నాను.

మాంట్రోజ్‌లో జేమ్స్ లామాంట్ కూడా ఇలాగే కూర్చుని కొడుకు పేరు చెక్కి ఉంటాడు. అతనికి ఎంతసేపు పట్టిందో. పాండురంగారావు పక్కనే కూర్చుని రాతిపొడి కొంగుతో తుడుస్తూ చూశాను. నగరం అని చెక్కడానికి పావుగంట పట్టింది.